గాలం పట్టుకుని కొండెక్కేవాళ్లకు సంచి: దారికొకటి, నీళ్లలోకి ఒకటి

సంపాదకులకు నమస్కారం.

వేసవి మొదలవగానే పత్రికల యాత్రల పేజీల్లో హిమాచల్, కశ్మీర్ నడక దారుల గురించి వ్యాసాలు వస్తుంటాయి. వాటి చివర ‘వెంట తీసుకెళ్లాల్సినవి’ అని ఒక జాబితా ఉంటుంది. అందులో సంచి గురించి ‘50 లీటర్ల బ్యాక్‌ప్యాక్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఉత్త నడకకైతే అది చాలు. తీర్థన్ లోయకో, సోనామార్గ్ మీదుగా పైనున్న సరస్సులకో ట్రౌట్ చేపల కోసం ఫ్లై ఫిషింగ్ సామాను మోసుకుపోయేవాళ్లకు మాత్రం ఆ ముక్క సరిపోదు. వాళ్ల సంచి రెండు పనులు చెయ్యాలి. పొద్దున కొండ దారిలో బరువు మొయ్యాలి, మధ్యాహ్నం నీళ్ల పక్కన తడిసిన సామాను మొయ్యాలి. ఆ రెండో పని ఎవరూ చెప్పరు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడవుగా రాస్తున్నాను, చోటివ్వగలరు.

ఫ్లై ఫిషింగ్ తెలియని పాఠకులకు రెండు మాటలు. మన చెరువు గట్టున వెదురు గెడకు దారం కట్టి, కొక్కేనికి వానపామును గుచ్చి వేసే గాలానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఇక్కడ ఎర ఉండదు. ఈకలు, బొచ్చు, పట్టుదారం చుట్టిన చిన్న కొక్కెమే నీటి పురుగులా కనబడాలి, దాన్నే ఫ్లై అంటారు. దానికి బరువు లేదు కాబట్టి విసరడానికి కావలసిన బరువంతా లావుపాటి లైనులోనే ఉంటుంది. ఆ లైను 27 మీటర్ల దాకా ఉంటుంది. దాన్ని చుట్టడానికి రీలు, విసరడానికి సుమారు 9 అడుగుల రాడ్, లైను చివర లీడరు అనే సన్నటి దారం, దాని చివర టిప్పెట్ అనే ఇంకా సన్నటి దారం కావాలి. నీళ్లలో దిగి నిలబడాలి కాబట్టి నీరు చొరబడకుండా ప్యాంటులా తొడుక్కునే వేడర్లు, జారని బూట్లు కావాలి. చేప గుప్పెడైనా సామాను బుట్టెడు.

చాలామంది సంచి ముందు కొని, సామాను తర్వాత కుక్కుతారు. తలకిందుల పని. ముందు నేల మీద దుప్పటి పరిచి, తీసుకెళ్లేవన్నీ దాని మీద పెట్టి తూకం వెయ్యాలి. 5 వెయిట్ (ఇది లైను బరువు నంబరు) రాడ్ ఒక్కటే అయితే 100 గ్రాములకు అటూఇటూ ఉంటుంది. అల్యూమినియం గొట్టంలో పెడితే అరకిలో దాటిపోతుంది. లైను చుట్టిన రీలు పావుకిలో. రెండు ఫ్లై బాక్సులు, టిప్పెట్ చుట్టలు, కొక్కెం తీసే ఫోర్సెప్స్, దారం కత్తిరించే నిప్పర్, ఫ్లైలు తేలడానికి రాసే మందు, అన్నీ కలిపి అరకిలో. చిన్న వల పావుకిలో. వేడర్లు కిలో పైచిలుకు. బూట్లు పొడిగా ఉన్నప్పుడే కిలోన్నర దగ్గరికి వస్తాయి, తడిశాక ఇంకో అరకిలో నీళ్లు పీల్చుకుంటాయి. అంటే ఒక్క గాలం సామానే 4 కిలోలు దాటింది. నీళ్లు, తిండి, వానకోటు, స్వెట్టరు, సంచి సొంత బరువు కలిపితే ఒక్కరోజు నడకకే 8, 9 కిలోలు.

ఆ లెక్క ఒకసారి చూసుకుంటే సంగతి బోధపడుతుంది. బరువులో పెద్ద వాటా వేడర్లు, బూట్లదే. రాడ్‌ది కాదు. కాబట్టి బరువు తగ్గించాలనుకుంటే ఖరీదైన రాడ్ వెతకడం కన్నా వేడర్లు ఇంట్లో వదలడం మేలు. మే నెలాఖరు, జూన్‌లో ఎండ ఉన్న రోజున నియోప్రీన్ అనే రబ్బరు గుడ్డ మేజోళ్లు, బూట్లు, తొందరగా ఆరే ప్యాంటుతో మోకాలి లోతు నీళ్లలో నిలబడవచ్చు. అది కరిగిన మంచు నీరు. ఇరవై నిమిషాలకే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. స్పర్శ తగ్గుతున్నట్టు అనిపించగానే గట్టెక్కి ఎండలో కూర్చోవాలి, పాదం తెలియకపోతే రాయి మీద అడుగు నిలవదు. మార్చి, ఏప్రిల్, అక్టోబరుల్లో ఈ పద్ధతి వద్దు, వేడర్లు మొయ్యాల్సిందే. ఇక నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం, హిమాచల్‌లో ఆ నాలుగు నెలలూ పట్టడం నిషేధం కాబట్టి ఆ రోజుల సంచి గురించి మాట్లాడనక్కర్లేదు.

ఎన్ని లీటర్లు అన్నది ఇప్పుడు తేలుతుంది. బూట్ల జత ఒక్కటే 9, 10 లీటర్ల చోటు తింటుంది. చుట్టిన వేడర్లు మరో 6 లీటర్లు. అందుకే కాలేజీ పిల్లల 20 లీటర్ల సంచి ఈ పనికి రాదు. పొద్దున వెళ్లి సాయంత్రం గదికి తిరిగొచ్చే నడకకు 30 నుంచి 35 లీటర్లు, డేరా వేసుకుని ఒకటి రెండు రాత్రులు ఉండేట్టయితే 50 నుంచి 55. అంతకు మించి కొంటే ఖాళీ ఉందని ఏదో ఒకటి కుక్కుతాం. మొత్తం బరువు మన బరువులో ఐదో వంతు దాటకూడదు. 70 కిలోల మనిషికి 14 కిలోలు.

లీటర్లకన్నా ముఖ్యమైన కొలతలు రెండున్నాయి. ఒకటి మన వీపు పొడవు. తల కిందికి వంచితే మెడ మొదట్లో ఒక ఎముక బుడిపెలా తగులుతుంది. నడుముకు రెండు పక్కలా చేతులు పెట్టుకుంటే బొటనవేళ్ల కింద తుంటి ఎముక పైఅంచు తగులుతుంది. బుడిపె నుంచి ఆ రెండు అంచుల్ని కలిపే గీత దాకా టేపు పెట్టి ఇంకొకరి చేత కొలిపించుకోవాలి. సంచి సైజు చూడాల్సింది దీన్ని బట్టి. ఆరడుగుల మనిషికి వీపు పొట్టిగా ఉండొచ్చు, ఐదున్నర అడుగుల మనిషికి పొడుగ్గా ఉండొచ్చు. సంచి వీపుకన్నా పొడుగైతే నడుము పట్టీ తుంటి ఎముక మీద కూర్చోక కిందికి జారుతుంది, బరువంతా భుజాలకెక్కుతుంది. రెండు గంటలకే మెడ నరాలు లాగుతాయి.

రెండో కొలత రాడ్ గొట్టానిది. దీన్ని పట్టించుకోకుండా సంచి కొన్నవాళ్లే తర్వాత బాధపడతారు. 9 అడుగుల రాడ్ నాలుగు ముక్కలుగా వస్తే ఒక్కో ముక్క 71 నుంచి 74 సెం.మీ., గొట్టం 80 సెం.మీ. దగ్గరికి వస్తుంది. 30 లీటర్ల సంచి ఎత్తు 50, 55 సెం.మీ. మాత్రమే. పక్క జేబులో నిలబెట్టి కడితే గొట్టం జానెడుకు పైగా సంచి దాటి తల పక్కకు లేస్తుంది. చదును దారిలో దానివల్ల ఇబ్బంది లేదు. తీర్థన్ ఒడ్డున దేవదారు, ఓక్ కొమ్మలు వంగి ఉన్న కాలిబాటలో, పడిపోయిన మాను కిందనుంచి దూరాల్సి వచ్చినప్పుడు చూడండి. మనిషి తల వంచుతాడు. తల వంగిన కొద్దీ గొట్టం కొస ముందుకు వాలి కొమ్మను గుచ్చుకుంటుంది. తల తప్పుకున్నా సంచి ఆగిపోతుంది, మనిషి వెనక్కి తూలుతాడు. ఎడమ పక్క లోయ ఉంటే ఆ తూలు ఎక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు.

ఇందుకు మూడు మార్గాలు. 65 సెం.మీ. పైన ఎత్తున్న సంచి తీసుకుని గొట్టాన్ని పక్కన కట్టడం మొదటిది. అప్పుడు బెత్తెడో రెండు బెత్తెలో మాత్రమే బయటికి లేస్తుంది. ఆరు ముక్కల రాడ్ కొనడం రెండోది. ముక్క 50 సెం.మీ. లోపే కాబట్టి పైన గుడ్డ తొడిగి సంచి లోపలే, వీపు పలక పక్కన నిలబెట్టవచ్చు. అతుకులు ఎక్కువైతే రాడ్ వంపు చెడుతుందని పూర్వం అనేవారు, ఇప్పటి మంచి రాడ్లలో ఆ తేడా కొండవాగుల్లో తెలియదు. కొత్తగా కొనేవాళ్లు సంచి కోసమైనా ఆరు ముక్కలదే కొనాలని నా గట్టి అభిప్రాయం. మూడోది జపాన్‌వాళ్ల టెంకారా రాడ్. దీనికి రీలే ఉండదు, లైనును రాడ్ కొసకే కడతారు. ఒకదానిలోకి ఒకటి దూరే ముక్కలు కాబట్టి మూడున్నర మీటర్ల రాడ్ మూరెడు పొడవుకు, అంటే అర మీటరుకు కాస్త అటూఇటూగా ముడుచుకుంటుంది. బరువు 100 గ్రాముల లోపే. సన్నటి కొండవాగులకు చక్కగా సరిపోతుంది. పెద్ద నదికి, గాలికొట్టే సరస్సుకు పనికిరాదు, లైను అంత దూరం పోదు.

నాలుగు ముక్కల రాడ్ ఇప్పటికే ఉన్నవాళ్లు గొట్టం కట్టే తీరు నేర్చుకోవాలి. మూత పైకి, అడుగు కిందికి. నడకలో అదురుకి మర మూత మెల్లగా వదులవుతుంది. మూత కిందికి ఉంటే అది ఊడిపోయి రాడ్ దారిలోనే జారిపోతుంది, తెలిసేసరికి రెండు కిలోమీటర్లు నడిచి ఉంటాం. మూత మీద ఒక చుట్టు టేపు వేస్తే ఆ బెంగ లేదు. గొట్టం అడుగు పక్క జేబులో కూర్చోవాలి, పైన రెండు చోట్ల పట్టీ బిగించాలి. ఒక్క పట్టీయే ఉన్న సంచిలో గొట్టం గుడిగంట నాలుకలా అటూఇటూ ఊగి, అడుగడుగునా భుజాన్ని లాగుతుంది. పైపట్టీని గొట్టం చుట్టూ రెండుసార్లు తిప్పి బిగిస్తే జారదు. మిగిలిన పట్టీ కొసను మడిచి లోపలికి దోపాలి, వేలాడితే ముళ్లకు తగులుకుంటుంది. గొట్టం ఒక పక్క ఉంటే రెండో పక్క నీళ్ల సీసా పెట్టాలి. లీటరు సీసా కిలో, గొట్టం అరకిలో కాబట్టి అక్కడా తూకం కుదరదు. ముప్పావు లీటరు సీసా పెడితే తాగుతున్న కొద్దీ దగ్గరికొస్తుంది.

పక్క జేబు దేనితో కుట్టారో దుకాణంలోనే చూడాలి. సాగే వల గుడ్డైతే వద్దు. ఫ్లై కొక్కెం ఒక్కటి తగులుకుందంటే పోగులు లేచిపోతాయి, గొట్టం అడుగు అంచు దాన్ని ఒక్క సీజన్‌లో చిల్లు చేస్తుంది. ఒత్తుగా నేసిన నైలాన్ జేబు, అడుగున రెండో పొర, నీళ్లు కారిపోవడానికి చిన్న కన్నం, ఈ మూడూ ఉండాలి. వీపుకూ సంచికీ మధ్య గాలి ఆడేలా విల్లులా వంచిన ఫ్రేము, దాని మీద వల బిగించిన సంచులు ఈ మధ్య ఎక్కువగా అమ్ముతున్నారు. మన ఎండకు బాగుంటాయి కానీ ఈ పనికి నేను సలహా ఇవ్వను. ఆ వంపు బరువును వీపు నుంచి రెండంగుళాలు వెనక్కి నెడుతుంది. బండరాళ్ల మీద అడుగు నుంచి అడుగుకు దాటేటప్పుడు ఆ రెండంగుళాలే వెనక్కి గుంజుతాయి. పైగా లోపలి గోడ వంపు తిరిగి ఉంటుంది కాబట్టి రాడ్ నిటారుగా నిలవదు.

కొనేముందు దుకాణంలో ఇచ్చే దూది దిండ్లు వేసి చూస్తే ఏమీ తెలియదు. రెండు ఐదు కిలోల బియ్యం సంచులు వేసి, పట్టీలన్నీ వదులు చేసి, ముందు నడుము పట్టీ తుంటి మీద బిగించి, తర్వాత భుజాలవి లాగి, ఆఖరున భుజం మీదుగా పైకి పోయే చిన్న పట్టీలు కొంచెం బిగించాలి. అరగంట మెట్లెక్కి దిగాలి. భుజం పట్టీ కింద రెండు వేళ్లు సులువుగా దూరితే బరువు నడుము మీద ఉన్నట్టు. దూరకపోతే ఆ సంచి మన వీపుది కాదు.

ఇక అసలు చెప్పదలచుకున్న మాట. పెద్ద సంచి వీపు మీద వేసుకుని నీళ్లలో నిలబడి గాలం వెయ్యకూడదు. దానికి వేరే చిన్న సంచి ఉండాలి. 4, 5 లీటర్ల నడుము సంచి ఒకటి ఖాళీగా మడిచి పెద్ద సంచిలో పెట్టుకుపోవాలి. ఒడ్డుకు చేరాక ఒక్క ఫ్లై బాక్సు, 4ఎక్స్, 5ఎక్స్ మందం టిప్పెట్ చుట్టలు, నిప్పర్, ఫోర్సెప్స్, తేలే మందు, చేపలు పట్టే లైసెన్సు కాగితం, ఫోను మాత్రం అందులోకి మార్చుకుని పెద్ద సంచి గట్టు మీద వదిలెయ్యాలి. ఛాతీ మీద కట్టే సంచులు కూడా దొరుకుతాయి. ఇసుక, గులకరాళ్ల నదికి అవి సుఖమే. హిమాలయ వాగుల్లో బండలెక్కాలి, ఛాతీ సంచి అడ్డుపడి పాదం పెట్టే చోటు కనిపించదు. నడుము సంచిని నడిచేటప్పుడు వెనక్కి, ఫ్లై మార్చేటప్పుడు ముందుకు తిప్పుకోవచ్చు. నడుము లోతు నీళ్లలో మునుగుతుందని కొందరి అభ్యంతరం. అక్కడి ప్రవాహంలో నడుము లోతుకు దిగనే కూడదు.

పెద్ద సంచి ఎక్కడ వదలాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. రాళ్ల మీద తడి మరక, పాచి గీత ఎంత ఎత్తు దాకా ఉందో చూసి, దానికి కనీసం నిలువెత్తు పైన పెట్టాలి. మంచు కరిగి వచ్చే వాగుల్లో పొద్దున మోకాలి లోతున్న నీరు ఎండ ముదిరాక తొడ లోతవుతుంది. ఆనకట్టలున్న నదుల్లో ఎండతో పనిలేకుండానే పెరుగుతుంది. 2014 జూన్ 8న మండి జిల్లా థలౌట్ దగ్గర లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీటిలో బియాస్ నదిలో కొట్టుకుపోయిన 24 మంది హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులను మనం మరిచిపోలేదు. తీర్థన్ నీళ్లు బియాస్‌లో కలిసేది ఆ లార్జీ దగ్గరే. ఒడ్డున రాయి మీద సంచి పెట్టి, నీరు పెరిగాక దాన్ని అందుకోవడానికి పరుగెత్తడం ప్రాణాంతకం. సంచి మొదటే పైన ఉంటే ఆ పరుగు అవసరం పడదు. ఆనకట్టకు దిగువన అసలు గాలం వెయ్యవద్దు.

సంచితో వాగు దాటక తప్పనప్పుడు నడుము బకిల్, ఛాతీ బకిల్ రెండూ విప్పాలి, భుజం పట్టీలు కొంచెం వదులు చెయ్యాలి. పడితే సంచిని ఒక్క విదిలింపుతో వదిలించుకోగలగాలి. బిగించి ఉంటే తడిసిన సంచి మనిషిని బోర్లా తొక్కిపెడుతుంది. ముఖం ఎగువకు పెట్టి, చేతికర్ర ఎగువ వైపు ఆనించి, ఒకసారికి ఒక్క కాలే కదపాలి. సంచి కొనేటప్పుడే ఆ బకిల్ ఒంటిచేత్తో, కళ్లు మూసుకుని, తడి వేళ్లతో విప్పి చూడండి. రాకపోతే ఎంత పేరున్న సంచైనా వద్దు. ఛాతీ సంచిని వీపు సంచి పట్టీలకు కొక్కేలతో తగిలించే ఏర్పాటు కూడా కొన్నింటికి ఉంటుంది. రెండూ కలిసిపోతే ఏదీ త్వరగా ఊడదు, కాబట్టి ఆ ఏర్పాటు వాడవద్దు.

తడి సామాను సంగతి. తిరుగు నడకలో వేడర్లు, బూట్లు తడిసే ఉంటాయి. వాటిని లోపల పెడితే స్వెట్టరు, పడక అన్నీ తడుస్తాయి. బూట్లను లేసులతో సంచి వెనక వేలాడదీస్తే అడుగడుగునా ఊగి నడుముకు కొడతాయి. సంచికి బయటి వైపు, అంటే వీపుకు అవతల, పైన తెరిచి ఉండే పెద్ద జేబు ఉంటుంది చూశారా, ఇందుకు అదే కావాలి. బూట్లు ఒకటి నిలువుగా, ఒకటి తలకిందులుగా, అడుగు భాగాలు బయటికి ఉండేలా అందులో దోపి, పైపట్టీ బిగించాలి. బూట్ల అడుగు రబ్బరుదైతే మంచిది. ఫెల్ట్ అనే ఒత్తు నార గుడ్డ అడుగు పాచి రాళ్ల మీద గట్టిగా పట్టుకుంటుంది నిజమే. కానీ తొందరగా ఆరదు, ఒక వాగులోని సూక్ష్మజీవుల్ని మరో వాగుకు మోసుకుపోతుంది. న్యూజిలాండ్ 2008లోనే ఫెల్ట్ అడుగులను నిషేధించింది. రబ్బరు బూట్లయినా, సంచి అడుగైనా వేరే లోయకు వెళ్లేముందు బురద కడిగి పూర్తిగా ఆరబెట్టాలి.

వాన నుంచి కాపాడటానికి సంచితో ఇచ్చే తొడుగును నమ్ముకోవద్దు. వీపు వైపు తెరిచే ఉంటుంది కాబట్టి మెడ నుంచి కారిన నీరంతా వీపు పలక గుండా లోపలికి పోతుంది, గాలికి తొడుగు కొమ్మకు తగులుకుని చిరుగుతుంది. లోపల మందపాటి పెద్ద ప్లాస్టిక్ సంచి పరిచి, సామాను అందులో పెట్టి, మూతి మెలితిప్పి దోపితే సరి. పూర్తిగా నీరు చొరబడని, మూతి చుట్టే సంచులు కూడా వస్తాయి. గట్టివే, కానీ బరువు. మూతి కనీసం మూడు చుట్లు తిప్పితేనే ఆగుతుంది. అడుగున ఉన్న వస్తువు కావాలంటే పైవన్నీ తియ్యాలి. లోపల తడి వస్తువు పెడితే ఆ తడి బయటికీ పోదు. నీళ్లు పట్టని జిప్పున్నవైతే ఇసుక రేణువు పడగానే బిగుసుకుపోతాయి, కడిగి మైనం రాస్తూ ఉండాలి.

సర్దే వరుస చెబుతాను. అడుగున రాత్రికి గానీ అక్కర్లేని పడక, పొడి బట్టలు. వాటి మీద, వీపుకు ఆనించి, నడుముకు భుజానికి మధ్య ఎత్తులో బరువైనవి: తిండి, రీలు, నీళ్లు. రీలును రాడ్ నుంచి ఊడదీసి మెత్తటి తొడుగులో పెట్టాలి, రీలు అడుగున ఉండే పలక రాయికి తగిలి వంగితే రాడ్ గాడిలో మళ్లీ కూర్చోదు. బరువైనవాటికి బయటి వైపు తేలికైనవి. అన్నిటికన్నా పైన వానకోటు. వల పిడికి చిన్న రబ్బరు చుట్టి సంచి లోపలే పెట్టాలి, బయట వేలాడే వల అడవిలో ప్రతి కొమ్మనూ పట్టుకుంటుంది. ఫ్లైలను సంచి పట్టీకి గుచ్చుకుని నడిచే అలవాటు చాలామందికుంది. తీర్థన్ లోయకు ఔట్ అనే ఊరి నుంచి బంజార్ మీదుగా గుశైనీ పోయే బస్సు ఎలా కిక్కిరిసి ఉంటుందో ఎక్కినవాళ్లకు తెలుసు, పక్కవాళ్ల శాలువాకో చేతికో అది గుచ్చుకుంటుంది. అన్నీ పెట్టెలోకే పోవాలి, కొక్కేల మొనలోని ఎదురుముల్లును ఫోర్సెప్స్‌తో నొక్కి పెట్టాలి. కత్తిరించిన నైలాన్ ముక్కలకు ఒక చిన్న డబ్బీ ఉంచుకోండి, ఒడ్డున పడేస్తే పిట్టల కాళ్లకు చుట్టుకుంటాయి.

బస్సు డిక్కీలో సంచి వేసేటప్పుడు గొట్టం విప్పి చేతిలోనే ఉంచుకోవాలి. కశ్మీర్‌లో విశన్‌సర్, కిశన్‌సర్, గంగాబల్ సరస్సుల మీదుగా నారానాగ్‌లో దిగే వారం రోజుల నడకలో సామాను గుర్రాలకు కడతారు. తాడు ఎంత బిగిస్తారంటే గొట్టం కూడా నొక్కుకుపోతుంది. 4,000 మీటర్లు దాటే కనుమలున్నా సరే రాడ్ మాత్రం మనిషి వీపు మీదే ఉండాలి. అలాంటి నడకకు పగటి వేళ వాడే సంచి 30 లీటర్లు చాలు, ఆరు ముక్కల రాడ్ అందులో పూర్తిగా ఇమిడిపోతుంది. విమానంలో క్యాబిన్ సంచికి మన దగ్గర మామూలుగా 7 కిలోలు, 55 సెం.మీ. పొడవు. 80 సెం.మీ. గొట్టం అందులో పట్టదు. కొక్కేలు, కత్తెర, ఫోర్సెప్స్ చెక్ఇన్ సామానులోనే వెయ్యండి. పెద్ద సంచిని అలాగే చెక్ఇన్‌లో వేస్తే పట్టీలు బెల్టులో ఇరుక్కుని బకిళ్లు విరుగుతాయి. పట్టీలన్నీ బిగించి, కడిగిన ఎరువుల సంచిలో దూర్చి మూతి కుట్టేస్తే చాలు. 25 మి.మీ. బకిల్ ఒకటి, నడుముకు సరిపోయే వెడల్పాటిది ఒకటి అదనంగా జేబులో ఉండాలి.

తిరిగొచ్చాక చేసే తప్పుకు మన వాతావరణం తోడవుతుంది. సంచి గుడ్డ లోపలి వైపు నీళ్లు పట్టకుండా పూసే పాలియురెథేన్ పొర తేమకు, వేడికి రసాయనికంగా విడిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో రేకుల కింద అటక మీద నాలుగైదేళ్లు పడేస్తే ఆ పొర జిగటగా మారి, పుల్లటి వాసన కొట్టి, పొలుసులుగా రాలుతుంది. ఒకసారి మొదలైతే బాగు చెయ్యడం కుదరదు. కొన్ని బూట్ల మెత్తటి నడిమి అడుగూ ఇలాగే పొడిపొడిగా విరుగుతుంది. చేప జిగురు, చెమట పోయేలా సబ్బు తక్కువ వేసి చేత్తో ఉతికి, నీడలో గాలికి ఆరబెట్టి, పట్టీలు వదులు చేసి, గాలి తగిలే గదిలో కొక్కేనికి తగిలించాలి. పాత సంచి కొనేవాళ్లు లోపలికి ముక్కు పెట్టి వాసన చూసి, గుడ్డను రెండు వేళ్ల మధ్య రుద్ది అంటుకుంటోందేమో చూసి మరీ డబ్బులివ్వాలి. పట్టీ కుట్టు ఊడితే మోచీ చేత కుట్టించుకోవచ్చు, నూలు దారం వద్దు, చెప్పులు కుట్టే నైలాన్ దారంతో అడ్డంగా, ఏటవాలుగా కూడా వెయ్యమని అడగండి.

రాడ్‌ను మాత్రం ఆ రాత్రే గొట్టంలోంచి తియ్యాలి. తడి గుడ్డతో సహా మూత బిగించి వదిలేస్తే పైనున్న వార్నిష్ బొబ్బలెక్కుతుంది, కార్క్ పిడికి బూజు పడుతుంది. ఫ్లై బాక్సు కూడా తెరిచి ఫ్యాను కింద పెట్టండి. ఒక్క తడి ఫ్లై చాలు, తెల్లారేసరికి పక్కనున్న కొక్కేలకూ తుప్పు అంటిస్తుంది.

ఇకమీదట యాత్రల పేజీలో సంచి గురించి రాసేటప్పుడు లీటర్లతో పాటు వీపు పొడవు కొలిచే పద్ధతి, వాగు దాటేటప్పుడు బకిళ్లు విప్పాలన్న మాట, ఈ రెండూ పెట్టెకట్టి ప్రచురించాలని మనవి. గాలంతో పనిలేని నడకవాళ్లకూ ఆ రెండూ కావాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హైదరాబాద్